అలెగ్జాండ్రియా: కైరో నుంచి ఒక్క పూట చూసొచ్చేయాలా, రెండు రాత్రులు ఉండాలా?

ఈజిప్టు వెళ్లేవాళ్లలో చాలామంది అలెగ్జాండ్రియాను కైరో నుంచి ఒక్క రోజు ప్యాకేజీలో చూసొచ్చేస్తారు. పొద్దున్నే వ్యాను ఎక్కితే దాదాపు 220 కిలోమీటర్ల ఎడారి రోడ్డు. ఆ తర్వాత పాంపే స్తంభం, భూగర్భ సమాధులు, ఖైత్‌బే కోట ముందు ఫొటో, లైబ్రరీ బయట ఇంకో ఫొటో, చేపల భోజనం, సాయంత్రం ఐదింటికల్లా తిరుగు ప్రయాణం. ఇంటికొచ్చాక "అక్కడ పెద్దగా ఏమీ లేదండీ" అంటారు. వాళ్లు చూసిన వేళల్లో నిజంగానే పెద్దగా ఏమీ ఉండదు. ముందురోజు పిరమిడ్లు, ఆ ముందువారం లక్సర్ గుళ్లు చూసిన కళ్లకు ఒంటరిగా నిలబడ్డ ఒక రాతి స్తంభం ఏం ఆనుతుంది?

ఈ ఊరు సాయంత్రం మొదలవుతుంది. ఎండ దిగాక కోర్నిష్ మీద, అంటే సముద్రం పక్కన కిలోమీటర్ల కొద్దీ సాగే రోడ్డు మీద, జనం నిండుతారు. మసీదుల ముందు మైదానాల్లో పిల్లలు బెలూన్లు పట్టుకుని పరుగెడుతుంటారు. కాఫీ కొట్ల బయట కుర్చీలు పడతాయి. మన విశాఖ బీచ్ రోడ్డులో ఆదివారం సాయంత్రం కనిపించే సందడిని పది రెట్లు చేసి, దాని వెనక పాత ఇటాలియన్, గ్రీకు భవనాలను వరసగా నిలబెడితే సుమారుగా ఆ దృశ్యం వస్తుంది. టూరు వ్యాను సరిగ్గా ఆ వేళకే ఊరు దాటేస్తుంది.

అందుకే నా సలహా ఏకపక్షంగా ఉంటుంది: కుదిరితే రెండు రాత్రులు, లేదంటే ఒక్క రాత్రయినా ఉండండి. ఒక్క పూటే చేతిలో ఉంటే ఆ రోజు కూడా కైరోలోనే గడపండి. కైరోలో ఇంకా చూడనివి బోలెడుంటాయి. ఒక్క మినహాయింపు ఉంది. గ్రీకు, రోమన్ చరిత్ర మీద ప్రత్యేకంగా ఆసక్తి ఉన్నవాళ్లకు పగటి పూట ఒక్కటే దొరికినా గిట్టుబాటే. వాళ్లు ఉదయం మొదటి రైలుకి వెళ్లి మ్యూజియం, సమాధులు చూసుకుని రాత్రికి కైరో చేరొచ్చు.

వ్యాను కంటే రైలు మేలని కూడా ఇక్కడే చెప్పేస్తాను. కైరో రమ్సీస్ స్టేషన్ నుంచి మంచి రైళ్లు రెండున్నర, మూడు గంటల్లో చేరుస్తాయి. దారి పొడవునా నైలు డెల్టా పొలాలు, కాలువలు, పావురాల గూళ్లు కనిపిస్తాయి. ఎడారి రోడ్డులో పెట్రోలు బంకులూ హోర్డింగులూ తప్ప ఏమీ ఉండవు.

దిగేది ఎక్కడ?

ఊరు సముద్రం ఒడ్డున సన్నగా, పొడుగ్గా ఉంటుంది. కాబట్టి హోటల్ ఎక్కడ తీసుకుంటారన్న దాని మీదే మీ రెండు రోజులూ ఆధారపడతాయి. ఆలోచించదగ్గవి మూడు చోట్లు: పడమర వైపు పాత ఊరి నడిబొడ్డున రమ్ల్ స్టేషన్ ప్రాంతం, మధ్యలో స్టాన్లీ, శాన్ స్టెఫానో, తూర్పు కొసన మొంతజా.

మొదటిసారి వెళ్లేవాళ్లు రమ్ల్ స్టేషన్ చుట్టుపక్కలే దిగాలి. ఇది రైల్వే స్టేషను కాదు, ట్రామ్ స్టేషను. ఇక్కడి ట్రామ్ మార్గం 1863 నాటిది, ఆఫ్రికాలోనే అన్నింటికన్నా పాతది. 1929లో తెరిచిన సెసిల్ హోటల్ ఈ ట్రామ్ స్టేషన్ చౌరస్తాలోనే ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ జనరల్ మాంట్‌గొమరీ దిగింది అందులోనే. అలాంటి పాత హోటళ్లు ఇక్కడ ఇంకా ఉన్నాయి. ఎత్తైన సీలింగులు, ఇనుప జాలీ తలుపుల లిఫ్టులు, సముద్రం వైపు బాల్కనీలు వాటి ప్రత్యేకత. వాటి ఇబ్బంది కూడా ఆ బాల్కనీల్లోంచే వస్తుంది. కోర్నిష్ మీద హారన్లు రాత్రి రెండింటి దాకా ఆగవు. చెవులకు అలవాటు లేనివాళ్లు, చంటిపిల్లలున్నవాళ్లు సముద్రం కనపడకపోయినా పర్వాలేదని వెనకవైపు గది అడగడం మంచిది. మిగతా విషయాల్లో ఈ ప్రాంతానికి సాటి లేదు. మసీదులు, పాత కేఫులు, లైబ్రరీ, గ్రీకో రోమన్ మ్యూజియం అన్నీ నడిచి చేరేంత దూరంలో ఉంటాయి. రాత్రి పదకొండింటికి గదికి తిరిగి రావడానికి టాక్సీ కోసం బేరమాడక్కర్లేదు.

స్టాన్లీ, శాన్ స్టెఫానో వైపు హోటళ్లు కొత్తవి, శుభ్రమైనవి. మాల్ ఉంటుంది, ఏసీ సరిగ్గా పనిచేస్తుంది. పెద్దవాళ్లను తీసుకెళ్తే ఇది సుఖం. అయితే పాత ఊరికి రావాలంటే ట్రాఫిక్‌ను బట్టి ఇరవై నిమిషాలు పట్టొచ్చు, గంటా పట్టొచ్చు. మొంతజా అంటే రాజుల కాలం నాటి తోట, అందులో ప్యాలెస్. ఒక మధ్యాహ్నం తిరగడానికి బాగుంటుంది. బసకు మాత్రం దూరం, ప్రతి పనికీ ఊరంతా దాటాలి.

ట్రామ్‌ను ఆధునికీకరించే పథకం ఒకటి ఉంది కాబట్టి అసలు నడుస్తోందో లేదో హోటల్లో కనుక్కోండి. యాప్ టాక్సీలు దొరుకుతాయి. స్థానికులు ఎక్కువగా ఎక్కేవి మైక్రోబస్సులు. వాటిని ఇక్కడ "మష్రూ" అంటారు. కోర్నిష్ పొడవునా సూటిగా వెళ్లేవి కాబట్టి దారి తప్పే టెన్షన్ ఉండదు. చేయి ఊపితే ఆగుతాయి, డబ్బులు ముందు కూర్చున్నవాళ్ల చేతుల మీదుగా డ్రైవర్‌కి చేరతాయి, చిల్లర అదే దారిలో వెనక్కి వస్తుంది. కోర్నిష్‌ను కాలినడకన దాటడం మాత్రం వేరే సంగతి. సబ్‌వే ఎక్కడుందో చూసుకుని దాని గుండానే వెళ్లండి.

మసీదులు: ఏ నడక మీది?

ముందే చెప్పాల్సిన మాట ఒకటుంది. గొప్ప మసీదు నిర్మాణాలు చూడాలన్నదే మీ కోరికైతే అలెగ్జాండ్రియా కంటే కైరో ఎంతో ముందుంటుంది. 9వ శతాబ్దపు ఇబ్న్ తులూన్ మసీదు, 14వ శతాబ్దపు సుల్తాన్ హసన్ మసీదు ముందు ఇక్కడివి చిన్నవిగానే కనిపిస్తాయి. ఇక్కడి మసీదులకు కథలున్నాయి. ఒకదాని చోట ఒకప్పుడు చర్చి, ఇంకొకదాని కింద దుకాణాలు, మరొకదాని కింద సాక్షాత్తూ అలెగ్జాండరే ఉన్నాడన్న నమ్మకం. పైగా అవి బతికున్న బజార్ల మధ్యలో ఉంటాయి. టికెట్టు కొని గబగబా చూసి వచ్చే చోట్లు కావవి.

రెండు నడకలుగా విడగొట్టుకుంటే సుఖం. ఒకటి సముద్రం వైపు, రెండోది రైల్వే స్టేషన్ వైపు.

సముద్రం వైపు నడక మన్షియా చౌరస్తాలో మొదలుపెట్టండి. 19వ శతాబ్దంలో ఈజిప్టును ఏలిన మహమ్మద్ అలీ పాషా గుర్రం మీద ఉన్న విగ్రహం ఉండే చౌరస్తా ఇది. 1956 జూలై 26న సూయజ్ కాలువను జాతీయం చేస్తున్నామని అధ్యక్షుడు నాసర్ ప్రకటించింది ఇక్కడే. అక్కడి నుంచి ఫ్రాన్స్ వీధిలోకి వెళ్తే బట్టలు, లేసులు, పూసలు, గుండీలు, పెళ్లి సామగ్రి అమ్మే సందులు మొదలవుతాయి. "జన్‌ఎత్ ఎస్సిత్తాత్" అంటే ఆడవాళ్ల సందు. నిజంగానే ఇద్దరు పక్కపక్కన నడవలేనంత ఇరుకు. మగవాళ్లు ఇక్కడ పావుగంటలో అలసిపోతారు, వాళ్లను ఏదో ఒక కాఫీ కొట్టు దగ్గర వదిలేయడం ఉభయతారకం.

ఈ రద్దీలోనే తెర్బానా మసీదు వస్తుంది. చూస్తూ నడవకపోతే దాటిపోతారు, ఎందుకంటే కింది అంతస్తంతా దుకాణాలే, మసీదు మెట్లెక్కాక మేడ మీద ఉంటుంది. 17వ శతాబ్దం చివర ఒక వ్యాపారి కట్టించాడు. దుకాణాల అద్దెతో మసీదు ఖర్చు వెళ్లదీసే పాత వ్యాపారి లెక్క ఇది. ద్వారం చుట్టూ ఎరుపు, నలుపు ఇటుకలు గళ్ళుగళ్ళుగా పేర్చి ఉంటాయి, డెల్టా పట్టణాల్లో కనిపించే పద్ధతి అది. దగ్గర నిలబడి స్తంభాలను గమనించండి. ఒకదానికొకటి పొంతన ఉండదు, ఎందుకంటే అవి ఇంకా పాత కట్టడాల నుంచి తెచ్చి నిలబెట్టినవి. ఇదే తరహాలో మేడ మీద కట్టిన 18వ శతాబ్దపు షుర్బగీ మసీదు కూడా ఈ చుట్టుపక్కలే ఉంది. ఒకటి చూస్తే రెండోది తప్పనిసరేమీ కాదు. రెండింట్లో నా ఓటు తెర్బానాకే.

ఇంకాస్త ముందుకు నడిస్తే బహరీ అనే పాత జాలర్ల పేట, అందులో మసీదుల మైదానం, మధ్యలో అబుల్ అబ్బాస్ అల్ ముర్సీ మసీదు. ఊరికి ఇదే ముఖచిత్రం. అబుల్ అబ్బాస్ 13వ శతాబ్దంలో స్పెయిన్‌లోని ముర్సియా నుంచి వచ్చిన సూఫీ, షాదిలీ సంప్రదాయంలో పెద్ద గురువు. సమాధి పాతదే అయినా ఇప్పుడు కనిపించే మసీదు 1929లో మొదలై 1945 నాటికి పూర్తయింది. గీసినవాడు మారియో రోసీ అనే ఇటాలియన్ ఆర్కిటెక్ట్. ఆయన తర్వాత ఇస్లాం స్వీకరించాడు. మినార్ 73 మీటర్ల ఎత్తు. లోపల హాలు ఎనిమిది మూలలుగా ఉంటుంది. మధ్యలో నిలబడి తల పైకెత్తితే వెలుగు కిటికీల్లోంచి గుండ్రంగా దిగి కార్పెట్ మీద పడుతుంది.

"ఇరవయ్యో శతాబ్దపు కట్టడాన్ని చారిత్రక మసీదంటారేంటి" అని కొందరు పెదవి విరుస్తారు. నేను మాత్రం ఒక్క మసీదే చూసే టైముంటే ఇదే చూడమంటాను. మగ్రిబ్ నమాజు అయ్యాక, అంటే సూర్యాస్తమయం దాటిన తర్వాత వెళ్లండి. మైదానంలో పిల్లల రంగులరాట్నాలు తిరుగుతుంటాయి. మెట్ల మీద ముసలాళ్లు కబుర్లాడుతుంటారు. కొత్తగా పెళ్లైన జంటలు ఫొటోలు దిగుతుంటారు. లోపల దర్గా గదిలో ఎవరో ఒకరు జాలీ పట్టుకుని మౌనంగా నిలబడి ఉంటారు. కడప పెద్ద దర్గాకో, హైదరాబాద్ యూసుఫైన్ దర్గాకో వెళ్లినవాళ్లకు ఇక్కడ ఏం చేయాలో ఎవరూ చెప్పక్కర్లేదు. పక్కనే బూసీరీ మసీదు ఉంది. మన దగ్గర కూడా ముస్లిం ఇళ్లల్లో చదివే, ప్రవక్తను కీర్తించే ఖసీదా బుర్దా కవిత రాసిన కవి బూసీరీ. ఆ కవిత పంక్తులే లోపలి గోడల మీద రాసి ఉంటాయి. తెలుగు ముస్లిం కుటుంబాలు దీన్ని తప్పక చూడాలి. మిగతావాళ్లు ఐదు నిమిషాలు ఆగినా చాలు.

రెండో నడక రైల్వే స్టేషన్ దగ్గర, నబీ దానియాల్ వీధిలో. పాత పుస్తకాల కొట్లు కాలిబాట మీద పరిచి ఉంటాయి. అదే వీధిలో ఉన్న నబీ దానియాల్ మసీదు కింద అలెగ్జాండర్ సమాధి ఉందని తరతరాలుగా నమ్మారు. ఎంతమంది వెతికినా దొరకలేదు. మసీదు కట్టడంగా మామూలుదే.

దానికంటే అత్తారీన్ మసీదు కథ బాగుంటుంది. ముందు అక్కడ అథనాసియస్ బిషప్ పేరిట చర్చి ఉండేది. అరబ్బులు వచ్చాక అది మసీదైంది. 1798లో నెపోలియన్ సైన్యం వచ్చినప్పుడు దాని ఆవరణలో ఒక భారీ రాతి శవపేటిక కనపడింది. పక్కలకు రంధ్రాలు తొలిచి, నమాజుకు ముందు చేసే వజూ కోసం నీళ్ల తొట్టిగా వాడుతున్నారు. అలెగ్జాండర్ పేటిక ఇదేనని ఫ్రెంచివాళ్లు సంబరపడ్డారు. 1801లో వాళ్లను ఓడించిన బ్రిటిష్‌వాళ్లు దాన్ని లండన్‌కు తరలించుకుపోయారు. ఆ తర్వాత ప్రాచీన ఈజిప్టు లిపిని చదవడం వచ్చాక చూస్తే, దాని మీద ఉన్నది ఫారో రెండో నెక్టనెబో పేరు. ఇప్పటికీ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది, ఆ రంధ్రాలతో సహా. లండన్‌లో ఉండే తెలుగువాళ్లు టికెట్ లేకుండానే చూసి రావొచ్చు. ఇప్పుడున్న అత్తారీన్ మసీదు కొత్తగా కట్టినది, దాని చుట్టూ పాత సామాన్ల బజారు. షాండ్లియర్లు, గ్రామఫోన్లు, వెళ్లిపోయిన గ్రీకు, ఇటాలియన్ కుటుంబాల డైనింగ్ బల్లలు అక్కడ దొరుకుతాయి. బజారు కోసం వెళ్లి మసీదును పలకరించి రావడం సరైన వరస.

ఈ రెండు నడకల్లోనూ పడకుండా రమ్ల్ స్టేషన్ దగ్గరే ఇంకొకటి ఉంది: ఖాయిద్ ఇబ్రహీం మసీదు. ఇదీ రోసీ గీసిందే. మహమ్మద్ అలీ పాషా కొడుకు ఇబ్రహీం పాషా చనిపోయి వందేళ్లయిన సందర్భంగా 1948లో కట్టారు. 2011 తిరుగుబాటులో అలెగ్జాండ్రియా జనం గుమికూడిన చోటు ఇదే. సన్నగా పొడుగ్గా ఉండే దీని మినార్ బయటి నుంచే అందంగా ఉంటుంది, దారిలో చూస్తే సరిపోతుంది.

ఒక్క నడకకే టైముంటే మొదటిదే ఎంచుకోండి, సాయంత్రం నాలుగింటికి మొదలుపెట్టండి.

లోపలికి వెళ్లే పద్ధతుల్లో మనకు తెలియనివేమీ లేవు. చెప్పులు విప్పడం, మోకాళ్లు భుజాలు కప్పుకోవడం, ఆడవాళ్లు తలమీద చున్నీ వేసుకోవడం. ఆడవాళ్లకు చాలాచోట్ల వేరే ద్వారం ఉంటుంది, కుటుంబమంతా ఒకే గుమ్మంలోంచి వెళ్లాలని పట్టుబట్టకండి. చెప్పులు చూసే మనిషికి చిల్లర ఇవ్వడం ఆనవాయితీ. నమాజు వేళల్లో, ముఖ్యంగా శుక్రవారం మధ్యాహ్నం, చూడ్డానికి వెళ్లొద్దు.

పగలు చూసేవాటిలో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి

ఖైత్‌బే కోటా, గ్రీకో రోమన్ మ్యూజియమా అంటే చాలామంది కోట అంటారు. కోట 1477లో మమ్లూక్ సుల్తాన్ ఖైత్‌బే కట్టించింది. ప్రాచీన ప్రపంచపు ఏడు వింతల్లో ఒకటైన ఫరోస్ దీపస్తంభం ఉన్న చోటే దీన్ని లేపారు. 14వ శతాబ్దపు భూకంపాలకు ఆ దీపస్తంభం కూలిపోయింది. దాని రాళ్లు, విగ్రహాలు ఇప్పటికీ కోట పక్కన నీళ్లలో పడి ఉన్నాయి, 1990ల్లో గజఈతగాళ్లు వేల సంఖ్యలో గుర్తించారు. కథ గొప్పదే. లోపల మాత్రం ఖాళీ గదులు, చిన్న మసీదు, కిటికీల్లోంచి గాలి. బయటి గట్టు మీద నడిచి, అలలు చూసి వచ్చేస్తే కోటలో ఉన్న ఆనందంలో ముప్పాతిక వంతు దక్కినట్టే. పిల్లలుంటే లోపలికీ వెళ్లండి, వాళ్లకు మెట్లెక్కడం సరదా.

మ్యూజియం 2005 నుంచి మూతపడి ఉండి 2023 అక్టోబరులో తెరుచుకుంది. అందుకే పాత గైడ్ పుస్తకాలు నమ్ముకున్నవాళ్లు దాన్ని వదిలేస్తున్నారు. గ్రీకు దేవుళ్లకు ఈజిప్టు కిరీటాలు పెట్టిన, ఈజిప్టు దేవుళ్లకు గ్రీకు గడ్డాలు పెట్టిన ఈ ఊరి సంకర సంస్కృతి అక్కడ బాగా అర్థమవుతుంది. ఇది చూశాక కోమ్ ఎల్ షుకాఫా భూగర్భ సమాధులకు వెళ్తే మజా వస్తుంది. గుండ్రటి మెట్లబావి లాంటి దారిలో 2వ శతాబ్దపు సమాధుల్లోకి దిగుతారు. కింద నక్కతల అనూబిస్ దేవుడు రోమన్ సైనికుడి కవచం తొడుక్కుని కాపలా కాస్తుంటాడు. చనిపోయినవాళ్లను చూడ్డానికొచ్చిన బంధువులు కూర్చుని భోంచేసే రాతి అరుగుల గది కూడా ఉంది. 1900లో ఒక గాడిద గుంతలో పడటంతో ఈ చోటు బయటపడిందని చెబుతారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు దిగేముందు ఆలోచించుకోవాలి, లిఫ్టు లేదు.

పాంపే స్తంభం సమాధులకు దగ్గర్లోనే ఉంటుంది కాబట్టి టాక్సీలోంచి చూస్తే చాలు. దానికీ రోమన్ సేనాని పాంపేకీ సంబంధం లేదు, రోమన్ చక్రవర్తి డయొక్లీషియన్ గౌరవార్థం నిలబెట్టింది అది. సుమారు 27 మీటర్ల ఎర్ర గ్రానైట్ స్తంభం బాగానే ఉంటుంది, చుట్టూ మాత్రం ఖాళీ స్థలం.

కొత్త లైబ్రరీ 2002లో తెరిచారు. సముద్రం వైపు ఒరిగిన పెద్ద పళ్లెంలా ఉండే కప్పు, అస్వాన్ గ్రానైట్ గోడ మీద ప్రపంచ లిపుల అక్షరాలు, లోపల మెట్లుమెట్లుగా దిగే చదువుకునే హాలు. ప్రాచీన లైబ్రరీ ఆనవాళ్లు చూద్దామని వెళ్తే నిరాశే, అవేమీ మిగల్లేదు. మనవాళ్లకు ఇక్కడ తలుచుకోవడానికి ఒక సంగతి ఉంది. 2వ శతాబ్దంలో ఈ ఊళ్లో కూర్చుని ప్రపంచ భూగోళం రాసిన టాలెమీ, మన కృష్ణా తీరాన్ని "మైసోలియా" అని, ఘంటసాలను "కంటకోస్సిల" అని పేరుపెట్టి నమోదు చేశాడు. కృష్ణా జిల్లా ఘంటసాల అప్పట్లో పెద్ద రేవు వ్యాపార కేంద్రం. అక్కడి సంగతులు ఓడల మీద ఇక్కడిదాకా చేరాయన్నమాట.

ప్రభుత్వం నడిపే చారిత్రక స్థలాల్లో చాలాచోట్ల టికెట్లకు కార్డు మాత్రమే తీసుకుంటున్నారు. విదేశాల్లో పనిచేసేలా కార్డును ఇంటి దగ్గరే సెట్ చేసుకుని వెళ్లండి.

రాత్రి ఎలా గడవాలి?

నైట్‌లైఫ్ అనగానే డ్యాన్స్ ఫ్లోరు, డీజే, తెల్లవార్లూ క్లబ్బులు గుర్తొచ్చేవాళ్లకు అలెగ్జాండ్రియా సరైన ఊరు కాదు. వేసవిలో డబ్బున్న కైరో కుర్రకారు కూడా ఇక్కడ ఆగరు, పడమర తీరాన సాహెల్ అనే రిసార్టుల వరసకు వెళ్లిపోతారు. అక్కడ బీచ్ క్లబ్బులు, కచేరీలు ఉంటాయి, ఖర్చూ ఆ స్థాయిలోనే ఉంటుంది. జూలై, ఆగస్టు దాటితే అదీ నిర్మానుష్యం. మధ్యధరా తీరంలో మసీదులూ కావాలి, బార్లూ కావాలి అంటే టర్కీలో అంతల్యా, లెబనాన్‌లో బీరూట్ ఈ రెండింటినీ పక్కపక్కన ఇస్తాయి. వీసా, అక్కడి పరిస్థితులు చూసుకుని ఆలోచించుకోండి.

మందు కావాలనుకునేవాళ్లకు ఇక్కడ ఉన్నవి పాత బార్లు. రమ్ల్ స్టేషన్ వెనక సందుల్లో కాప్ డోర్ అని ఒకటి, ఓడల వాళ్లతో పేరు తెచ్చుకున్న స్పిట్‌ఫైర్ అని ఇంకొకటి. చెక్క కౌంటరు, మసకబారిన అద్దాలు, చల్లటి స్టెల్లా బీరు, నంజుకోవడానికి శనగలో చిన్న చేపలో. కోట దగ్గర గ్రీకు క్లబ్బు మేడ మీద కూర్చుంటే రేవంతా కనిపిస్తుంది. సూర్యాస్తమయానికి అంతకంటే మంచి చోటు ఊళ్లో లేదు. భార్యాభర్తలు, స్నేహితుల జట్లు అక్కడికి వెళ్తేనే బాగుంటుంది. సందుల్లోని బార్లలో ఎక్కువగా మగవాళ్లే కనిపిస్తారు. రంజాన్ నెలలో వీటిలో చాలావరకు మూసేస్తారు.

ఊరి అసలు రాత్రి కాఫీ కొట్లలోనూ కోర్నిష్ మీదా ఉంటుంది, దానికి చుక్క మందు అక్కర్లేదు. "అహ్వా" అనే కాఫీ కొట్టులో కూర్చుని "మజ్‌బూత్" అంటే సమంగా చక్కెర వేసిన చిక్కటి కాఫీ ఇస్తారు. "సాదా" అంటే చక్కెర లేకుండా. పక్క బల్ల మీద "తౌలా" (బ్యాక్‌గామన్) ఆట పలక మీద పావులు టకటకా కొడుతుంటారు. ఎవరూ లెమ్మనరు. ఒక్క కాఫీతో రెండు గంటలు కూర్చోవచ్చు. కాస్త షోకుగా కావాలంటే రమ్ల్ స్టేషన్ దగ్గర 1922 నాటి డెలీస్ లాంటి పాత పేస్ట్రీ కేఫులున్నాయి. రెండింట్లో నేను కోర్నిష్ పక్కన అహ్వాకే వెళ్తాను. కేఫుల్లో కేకు బాగుంటుంది, కాలక్షేపం అహ్వాలో బాగుంటుంది.

ఆ పైన కోర్నిష్ మీద నడక. తోపుడు బండ్ల మీద కాల్చిన మొక్కజొన్న, నానబెట్టిన తిర్మిస్ గింజలు అమ్ముతుంటారు. చలికాలమైతే "హుమ్ముస్ ఎష్షామ్" దొరుకుతుంది. పెద్ద గ్లాసులో ఉడికించిన శనగలు, టమాటా, జీలకర్ర వేసిన వేడి వేడి పులుసు పోసి, పైన నిమ్మరసం పిండుతారు, కారం అడిగి వేస్తారు. చెంచాతో శనగలు తింటూ, మధ్యమధ్యలో పులుసు జుర్రుకోవాలి. ఈజిప్టు తిండి చప్పగా ఉందని వారం రోజులుగా గొణిగే తెలుగు నాలుక ఇక్కడ శాంతిస్తుంది. "షత్తా" అంటే కారం. ఆ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి.

భోజనానికి మాంసాహారులు బహరీ వైపు వెళ్లాలి. మంచు మీద పరిచిన చేపల్లోంచి ఏరుకుని, తూకం వేయించి, ఎలా వండాలో చెప్పాలి. "సింగారీ" అంటే చేపను వీపు దగ్గర చీల్చి, పరిచి, కూరగాయలూ మసాలా వేసి కాల్చడం. తోడుగా ఉల్లిపాయలు ఎర్రగా వేయించి వండే "సయ్యాదియా" అన్నం. తూకం వేసేటప్పుడే ధర మాట్లాడుకోండి. రోడ్డు పక్కన పచ్చిమిర్చి దట్టించి వేయించే కాలేయం శాండ్‌విచ్ ఈ ఊరి ప్రత్యేకత. శాకాహారులకూ ఇబ్బంది లేదు. అలెగ్జాండ్రియా పద్ధతి "ఫూల్" (మెత్తగా ఉడికించిన చిక్కుడు గింజలు), చిక్కుడు గింజల గారెల్లాంటి "తామియా", అన్నం, పప్పు, మాకరోనీ కలిపిన కోషరీ ఎక్కడైనా దొరుకుతాయి.

సంగీతం, నాటకం ఇష్టమున్నవాళ్లు సయ్యద్ దర్వీష్ థియేటర్‌లో ఆ వారం ఏముందో చూసుకోండి. 1921 నాటి హాలు. ఈజిప్టు జాతీయగీతానికి బాణీ కట్టిన సయ్యద్ దర్వీష్ ఈ ఊళ్లోనే పుట్టాడు. అరబ్ సంగీత కచేరీ ఏదైనా ఉంటే ఆ రాత్రికి మిగతా ప్లాన్లన్నీ మానేసినా నష్టం లేదు.

ఏ నెలలో, ఏ వారంలో

జూలై, ఆగస్టు నెలల్లో కైరో అంతా ఇక్కడికే దిగుతుంది. బీచ్‌లో చాప వేయడానికి చోటుండదు, హోటల్ రేట్లు పెరుగుతాయి. సముద్ర స్నానం తప్పనిసరి కాకపోతే ఏప్రిల్, మే, లేదా అక్టోబరు మంచివి. నవంబరు నుంచి మార్చి దాకా తుఫాను వానలు వస్తాయి. వాటిని "నవ్వా" అంటారు, ఒక్కోదానికి ఒక్కో పేరు, జాలర్ల క్యాలెండర్‌లో తేదీ. నవంబరులో వచ్చేది "మక్‌నసా", అంటే చీపురు. అలలు గోడ దాటి కోర్నిష్ మీదకు ఎగిరిపడతాయి, సందులు నీళ్లతో నిండుతాయి, మధ్యలో రెండు రోజులు ఎండ కాస్తుంది. వానంటే ఇష్టం ఉండి, మసీదులూ మ్యూజియాలూ కేఫులే ప్రధానమనుకునేవాళ్లకు చలికాలం వేసవి కంటే నయం. జాకెట్టూ, తడిసినా ఫర్వాలేదనుకునే చెప్పులూ పెట్టుకోవాలి.

రంజాన్‌లో పగలు ఊరు నిద్రపోతుంది, చాలా భోజన హోటళ్లు మూసి ఉంటాయి. ఇఫ్తార్ తర్వాత మాత్రం అర్ధరాత్రి దాటేదాకా వీధులు పండగలా ఉంటాయి, అబుల్ అబ్బాస్ మైదానం మరీను. బార్లు అక్కర్లేనివాళ్లకు అది మంచి కాలం.

రెండు రాత్రులు ఎంచుకునేటప్పుడు గురువారం, శుక్రవారం రాత్రులు కలిసేలా చూసుకోండి, వారాంతం అవే కాబట్టి ఊరంతా బయటే ఉంటుంది. శుక్రవారం ఉదయం మాత్రం ఏమీ పెట్టుకోవద్దు, మధ్యాహ్నం దాకా దుకాణాలు తెరవరు. శనివారం కైరోకి వెనక్కి వెళ్లే రైళ్లు నిండిపోతాయి. టికెట్టు దిగిన రోజే కొనేయండి, పాస్‌పోర్టు చేతిలో ఉంచుకోండి. రమ్ల్ వైపు ఉన్నవాళ్లు ఊరి పెద్ద రైల్వే స్టేషనైన మిస్ర్ స్టేషన్‌లో, శాన్ స్టెఫానో వైపు ఉన్నవాళ్లు సీదీ గాబర్ స్టేషన్‌లో ఎక్కితే ఊరు అడ్డంగా దాటే పని తప్పుతుంది.